ఏజెన్సీ దారులకు ఏది మేలు: ఇండిపెండెంట్ సస్పెన్షనా, సాలిడ్ యాక్సిలా?

మారుతి జిమ్నీ కొనాలా, మహీంద్రా థార్ కొనాలా అని మొదలైన వాదన వైజాగ్‌లో ఎక్కడ జరిగినా చివరికి బండి కింద ఇరుసు దగ్గరికే వచ్చి ఆగుతుంది. రెండు చక్రాలనీ ఒకే గట్టి ఇరుసు కలిపితే సాలిడ్ యాక్సిల్, ఏ చక్రానికా చక్రం విడిగా ఊగితే ఇండిపెండెంట్ సస్పెన్షన్. ఒకరు సాలిడ్ యాక్సిల్ లేనిది అసలు ఆఫ్‌రోడ్ బండే కాదంటారు, ఇంకొకరు అది తాతల కాలం సరుకంటారు. ఇద్దరూ బండి మొత్తానికి ఒకే జవాబు వెతుకుతున్నారు, చిక్కంతా అక్కడే. ముందు చక్రాలకి ఏది మేలు, వెనక చక్రాలకి ఏది మేలు అని విడివిడిగా అడగాలి. ముందు చక్రాలు బండిని తిప్పాలి, వెనక చక్రాలు బరువు మొయ్యాలి. పనులే వేరైనప్పుడు జవాబు ఒకటే ఎలా అవుతుంది?

మొదట సాలిడ్ యాక్సిల్ గొప్పతనం చెప్పుకుందాం. బొర్రా నుంచి కటికి జలపాతానికి టూరిస్టులని తీసుకెళ్లే పాత జీపులు రాళ్ల దారిలో ఎలా ఎక్కుతాయో పక్కన నిలబడి ఒకసారి చూడండి. ఎడమ చక్రం రాయి మీదకి ఎక్కగానే అటువైపు కమాన్ కట్ట (ఇనుప పట్టీల స్ప్రింగు) అణిగిపోతుంది, కుడివైపు కట్ట సాగి ఆ చక్రం గుంతలోకి దిగుతుంది, బాడీ మాత్రం పెద్దగా ఒరగదు. కావడి ఒక కొస పైకి లేస్తే రెండో కొస కిందకి దిగినట్టు, ఒక చక్రం పైకి పోవడమే రెండో చక్రాన్ని నేలకి నొక్కుతుంది. రెండు టైర్ల మీదా బరువు ఉంటుంది కాబట్టి రెండింటికీ పట్టు దొరుకుతుంది. అదే ఇండిపెండెంట్ సస్పెన్షన్ అయితే ఒక చక్రం పైకి పోయిన సంగతి రెండో చక్రానికి తెలియదు, కిందకి సాగే దూరం కూడా తక్కువ, కాబట్టి అడ్డదిడ్డంగా ఉన్న గుంతల్లో ఒక టైరు తొందరగా గాల్లోకి లేస్తుంది.

గ్రౌండ్ క్లియరెన్స్, అంటే బండి కింద ఖాళీ విషయంలో మాత్రం చాలామంది సగమే చెబుతారు. సాలిడ్ యాక్సిల్‌లో డిఫరెన్షియల్ (ఇంజన్ శక్తిని రెండు చక్రాలకీ పంచే గేర్లు) ఉండే గుండులాంటి హౌసింగ్ చక్రాలతో పాటే లేస్తుంది, దిగుతుంది, అందువల్ల బండి ఎంత అణిగినా, ఎంత లోడ్ వేసినా హౌసింగ్ కింద ఖాళీ మారదు. డ్రైవర్‌కి ఇది పెద్ద ధైర్యం, ఈ రాయి కింద తగలకుండా దాటిందంటే అంతే ఎత్తున్న తర్వాతి రాయి కూడా దాటుతుంది. కానీ ఆ గుండు ఎప్పుడూ కిందకే వేలాడుతూ ఉంటుంది, లిఫ్ట్ కిట్ వేయించినా బాడీ లేస్తుంది తప్ప గుండు అంగుళం కూడా లేవదు. దాన్ని లేపాలంటే పెద్ద టైర్లు వెయ్యడం ఒక్కటే మామూలు దారి, అది కూడా టైరు వ్యాసం 2 అంగుళాలు పెంచితే కింద 1 అంగుళమే దక్కుతుంది. ఇండిపెండెంట్‌లో డిఫరెన్షియల్ చాసిస్‌కి బిగించి ఉంటుంది కాబట్టి ఆగి ఉన్న బండి కింద ఖాళీ బాగానే కనిపిస్తుంది, కానీ ఐదుగురు ఎక్కి, సామాను వేసుకుని గుంతలో దబ్బున దిగినప్పుడు బాడీతో పాటు అదీ కిందకొస్తుంది. బ్రోషర్‌లో రాసేది ఆగి ఉన్న బండి కొలతే.

అలాగని ఇండిపెండెంట్ అంటే నాజూకు అన్న మాట నేను ఒప్పుకోను. 1986 నుంచి మన ప్రభుత్వ రంగ సంస్థ బీఈఎంఎల్ తయారుచేస్తూ వచ్చిన టాట్రా ట్రక్కుల కింద చూడండి, మధ్యలో వెన్నెముకలా లావు గొట్టం, దానికి రెండు వైపులా దేనికదే ఊగే సగం ఇరుసులు. 1923 నాటి టాట్రా 11 కారు నుంచి వస్తున్న డిజైన్ అది, మన సైన్యంలో క్షిపణి లాంచర్లని మోస్తోంది. అమెరికా సైన్యం హమ్వీకి నాలుగు చక్రాలూ ఇండిపెండెంటే, హబ్ దగ్గర గేర్లు పెట్టి కింద 406 మిల్లీమీటర్ల ఖాళీ తెచ్చారు. బలం కావాలంటే బలంగా చెయ్యొచ్చు, ఖర్చు భరించాలి అంతే.

ఇక మన వాడకం చూద్దాం. వైజాగ్ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు, దాదాపు అంతా తారు రోడ్డే. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు మలుపు మధ్యలో ఒక చిన్న గుంత వస్తే, ముందు సాలిడ్ యాక్సిల్ ఉన్న బండిలో ఆ దెబ్బ రెండో చక్రానికీ, అక్కడి నుంచి స్టీరింగ్‌కీ పాకుతుంది. స్ప్రింగుల కింద వేలాడే బరువు ఎక్కువ కాబట్టి ముక్కు కాసేపు గంతులేస్తుంది. బుష్‌లు (కీళ్ల దగ్గరి రబ్బరు ముక్కలు) అరిగిన బండి అయితే స్టీరింగ్ చేతుల్లో గజగజ వణుకుతుంది కూడా. పక్కన లోయ ఉన్నప్పుడు ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. ముందు ఇండిపెండెంట్ ఉంటే గుంత దెబ్బ ఆ ఒక్క చక్రం దగ్గరే ఆగుతుంది, బండి మీరు తిప్పిన చోటికే పోతుంది. అందుకే ఇలాంటి ఘాట్ రోడ్డు వాడకానికి ముందు వైపు విషయంలో నాకు అనుమానం లేదు, ఇండిపెండెంటే మేలు.

వెనక వైపు అంతే గట్టిగా సాలిడ్ యాక్సిల్ అంటాను. టయోటా 1998లో ల్యాండ్ క్రూజర్ 100 తెచ్చినప్పుడు ముందు ఇండిపెండెంట్‌కి మారింది కానీ వెనక సాలిడ్‌ని వదల్లేదు, గనుల్లో, ఎడారుల్లో తిరిగే 70 సిరీస్‌కి ఇప్పటికీ ముందూ వెనకా సాలిడే. శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్‌కి ముందు డబుల్ విష్‌బోన్ అనే ఇండిపెండెంట్ రకం, వెనక సాలిడ్ యాక్సిల్ మీద కమాన్ కట్టలు. 2020 థార్‌కి కూడా ముందు ఇండిపెండెంట్, వెనక కాయిల్ స్ప్రింగుల మీద సాలిడ్. ల్యాండ్ రోవర్ కొత్త డిఫెండర్ మాత్రం నాలుగు చక్రాలకీ ఇండిపెండెంట్, ఎయిర్ సస్పెన్షన్‌తో కింద ఖాళీ 291 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది, 900 మిల్లీమీటర్ల నీళ్లు దాటుతుంది, అద్భుతమైన బండి, కానీ అది పాడేరు అవతల ఆగిపోతే చేయగలిగింది చాలా తక్కువ.

చక్రం గాల్లోకి లేస్తే మామూలు డిఫరెన్షియల్ శక్తంతా ఆ ఖాళీ చక్రానికే పారబోస్తుంది, నేల మీదున్నది కదలదు. రెండు చక్రాలనీ కలిపి ఒకేలా తిప్పే డిఫ్ లాక్ ఉంటే ఆ సమస్య పోతుంది. ఫోర్స్ గూర్ఖాకి ముందు ఇండిపెండెంటే అయినా ముందూ వెనకా రెండు లాక్‌లు కంపెనీ నుంచే వస్తాయి, రాళ్లలో అది ఎవరికీ తీసిపోదు. లాక్ లేని సాలిడ్ యాక్సిల్ కన్నా లాక్ ఉన్న ఇండిపెండెంట్ నయం, ఈ ఒక్కటీ గుర్తుంచుకోండి. జిమ్నీకి లాక్ లేదు, తిరిగే చక్రానికి బ్రేక్ వేసి శక్తిని రెండోదానికి పంపుతుంది. అయినా అది అంత బాగా ఎక్కడానికి ముందూ వెనకా సాలిడ్ యాక్సిల్ సగం కారణమైతే, సుమారు 1,200 కిలోల తేలికదనం మిగతా సగం.

కాబట్టి సిటీలో ఉంటూ వారాంతాల్లో లంబసింగి, వంజంగి వైపు పోయేవాళ్లు థార్, గూర్ఖా, వీ-క్రాస్ లాంటి ముందు ఇండిపెండెంట్, వెనక సాలిడ్ బండే తీసుకోండి. ఊరు ఏజెన్సీలోనే ఉండి, రోజూ రాళ్ల దారిలో నెమ్మదిగా పోయేవాళ్లకి ముందూ వెనకా సాలిడ్ మేలు. విరిగిన కమాన్ పట్టీ దొరికినంత తేలికగా అక్కడ ఇండిపెండెంట్ బండి చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ దొరకదు, గాజువాక ఆటోనగర్ దాకా రావాల్సిందే. బీచ్‌లో తిప్పడానికి కొంటామనేవాళ్లు మాత్రం దయచేసి ఆ ఆలోచన మానుకోండి, ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం మనది.

సెకండ్ హ్యాండ్ చూస్తుంటే బండిని జాకీ మీద లేపించండి. ముందు ఇండిపెండెంట్ అయితే చక్రం లోపలి అంచు మీద నల్లటి గ్రీజు చిమ్మినట్టు కనిపిస్తే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ మీది రబ్బరు బూటు చిరిగినట్టే. బురద లోపలికి పోయి ఉంటుంది, జాయింట్ ఖర్చు ధరలో తగ్గించమనండి. ఉప్పుగాలికి లోయర్ ఆర్మ్‌లు (చక్రాన్ని పట్టుకునే కింది కడ్డీలు) చాసిస్‌కి బిగించే చోట తుప్పు పట్టిందేమో స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. ముందు సాలిడ్ యాక్సిల్ అయితే హైవే మీద గంటకి 80 దాటించి నడపండి, స్టీరింగ్ వణికితే కింగ్‌పిన్ (చక్రం తిరిగే కీలు) బేరింగులు, ఇరుసు పక్కకి జరగకుండా పట్టుకునే పాన్‌హార్డ్ రాడ్ బుష్‌లు మార్పించి ఇచ్చేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి.