కొల్లేటి బురద కోర్‌కి పీవీసీ పైపా, రష్యన్ కోరరా?

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న కొల్లేరు లోతు తక్కువ. దోనె మీద నుంచే కోర్, అంటే పొరలు వరసగా ఉన్న నిలువు బురద నమూనా, తీయొచ్చు. దేనితో తీయాలన్నదే తేలదు.

ఖర్చు: పైపు ప్లంబింగ్ షాపులో దొరుకుతుంది, విరిగినా బాధ లేదు. రష్యన్ కోరర్ అంటే కోర్ తీయడానికే చేసిన ఖరీదైన స్టీలు పరికరం, అరువు తెచ్చుకోవడమే మేలు.

శ్రమ: పైపు దింపడం తేలికే, పీకడమే నరకం. పైన నీళ్లు నింపి రబ్బరు మూత గట్టిగా బిగిస్తేనే బురద జారిపోదు. కోరర్‌ని మూసి దింపి, కావలసిన లోతులో 180 డిగ్రీలు తిప్పితే సగం గొట్టంలాంటి గది నిండుతుంది. సాధారణంగా ఒక్కోసారి 50 సెంటీమీటర్లే వస్తుంది. అందుకే ఇంకా లోతుకి వెళ్లాలంటే పక్కపక్కన రెండు బొక్కల్లో మార్చి మార్చి తీయాలి.

రిస్క్: పైపులో బురద అణిగిపోతుంది. పీకకముందే లోపలి మట్టం, బయటి మట్టం టేపుతో కొలిచి తేడా రాసుకోకపోతే పొరల వయసు లెక్కలన్నీ తప్పుతాయి. కోరర్‌తో ఆ టెన్షన్ తక్కువ. కానీ పైనుండే జావలాంటి పొర చెదురుతుంది, గట్టి ఇసుక తగిలితే తిరగనే తిరగదు.

గత 100 ఏళ్ల సీసం, పురుగుమందుల జాడ చూడాలంటే నా ఓటు పైపుకే. వేల ఏళ్ల నాటి పుప్పొడి కావాలంటే కోరర్. కొల్లేరు అభయారణ్యం కాబట్టి అటవీశాఖ అనుమతి మాత్రం రెండింటికీ తప్పదు.