నాలుగో ముక్కుతో ఎగురుతున్న విమానం

రిమోట్‌తో ఎగరేసే బొమ్మల్లో నేను మొదట కొన్నది విమానం కాదు, హెలికాప్టర్. అరచేతిలో ఇమిడే బుల్లిది. ఒకదాని మీద ఒకటిగా రెండు జతల బ్లేడ్లు ఎదురెదురు దిక్కుల్లో తిరిగే రకం, కోయాక్సియల్ అంటారు. సైమా ఎస్107 పేరు విన్నవాళ్లకి ఏ తరహాదో వెంటనే తెలిసిపోతుంది. ఇన్‌ఫ్రారెడ్ రిమోట్, మూడు ఛానెళ్లు (అంటే విడివిడిగా నడిపించగల పనులు మూడు), గదిలో ఎగరేసుకునే సరుకు. పెట్టె విప్పిన అరగంటకి అది సోఫా పైన గాల్లో కదలకుండా నిలబడింది. ఓస్, ఇంతేనా అనుకున్నాను. ఆ అరగంట నన్ను ఏడాది వెనక్కి నెట్టింది.

ఎందుకంటే ఆ ధీమాతోనే పెద్దది కొన్నాను. 450 సైజు, ఒకటే రోటర్ (తిరిగే బ్లేడ్ల జత), బ్లేడ్ల కోణం మారుతూ ఉండే కలెక్టివ్ పిచ్ రకం. పక్కన నిలబడ్డ మిత్రుడి లెక్క ప్రకారం అది గాల్లో ఉన్నది ఆరు సెకన్లు. బ్లేడ్లు రెండూ పోయాయి, మెయిన్ షాఫ్ట్ వంగింది, తోక గొట్టం విరిగింది, పెద్ద గేర్ పళ్లు రాలాయి. విడిభాగాలు తెప్పించి, రెండు సాయంత్రాలు కూర్చుని బిగించి, మళ్లీ ఎగరేశాను. ఈసారి తొమ్మిది సెకన్లు. ఆ తర్వాత అట్టపెట్టెలో పెట్టి బీరువా మీదకి ఎక్కించాను.

ఈ రెండిటికీ ఉమ్మడిగా ఉన్నది పేరొక్కటే. కోయాక్సియల్‌లో పై బ్లేడ్లు ఒంటిని ఒకవైపు తిప్పబోతే కింది బ్లేడ్లు రెండోవైపు తిప్పుతాయి, రెండూ చెల్లుకు చెల్లు. నెత్తిన ఉన్న బరువుల కడ్డీ రోటర్‌ని నిలకడగా ఉంచుతుంది. మనం చేతులు వదిలేసినా దాదాపు నిలబడుతుంది. అందుకే దాని మీద ఏమీ నేర్చుకోం. ఒంటి రోటర్‌కి అలా కుదరదు. తోక రోటర్ మొత్తాన్ని పక్కకి నెడుతుంది, దానికి విరుగుడుగా కాస్త వాల్చి పట్టుకోవాలి. వాల్చగానే ఎత్తు తగ్గుతుంది, పిచ్ పెంచాలి. పిచ్ పెరిగితే తోక తిరగబోతుంది. ఆ తోకని గైరో (తిరుగుడుని పసిగట్టి సరిచేసే పరికరం) చూసుకుంటుంది, మిగతాదంతా మన రెండు బొటనవేళ్ల మీదే. ఒక్క క్షణం ఆలోచనలో పడ్డా అది తన దారి తాను చూసుకుంటుంది.

విమానం మాత్రం మనకి టైమిస్తుంది. రెక్క ఒంటికి పైన ఉండి, రెండు కొసలూ కాస్త పైకి లేచి ఉంటే, స్టిక్ వదిలేసినప్పుడు మెల్లగా తనే సర్దుకుంటుంది. ఈ సంగతి హెలికాప్టర్ ముక్కలు ఏరుకుంటున్నప్పుడు ఆ మిత్రుడే చెప్పాడు. ముందే చెప్పొచ్చుగా అన్నాను. అడిగావా అన్నాడు.

ఇక అసలు సరుకు సంగతి. ఆరేళ్లుగా నా దగ్గరున్నది దాదాపు 1.4 మీటర్ల రెక్క ఉన్న ఫోమ్ విమానం. మోటార్ ముక్కు మీద ఉండదు, రెక్క వెనక, పైన ఉంటుంది. మల్టిప్లెక్స్ కంపెనీ ఈజీస్టార్ విమానం చాలామందికి అలవాటు చేసిన అమరిక ఇది. నాది ఆ వరసలోదే, పేరు వేరు. చక్రాలు లేవు. చేత్తో విసరాలి, గడ్డి మీద పొట్టతో దించాలి. పక్కకి తిప్పే రడ్డర్, ముక్కుని ఎత్తి దించే ఎలివేటర్, మోటార్ వేగానికి థ్రాటిల్, మూడే ఛానెళ్లు. రెక్కని వాల్చే ఎయిలెరాన్లు లేవు కాబట్టి విన్యాసాలు ఆశించకండి.

దీన్ని ఎంచుకున్న కారణం ఒక్కటే: పడితే ఏం విరుగుతుంది? ముక్కున ప్రొపెల్లర్ ఉన్నదైతే నేలకి గుద్దుకున్న ప్రతిసారీ ప్రొపెల్లర్ పోతుంది, ఒక్కోసారి మోటార్ షాఫ్ట్ కూడా వంగుతుంది. దీనికి ముక్కు నలుగుతుంది, అంతే. మరుగుతున్న నీళ్లు పోస్తే దీని ఈపీఓ రకం ఫోమ్ కొద్దిగా ఉబ్బి సొట్టలు చాలావరకు పైకి వస్తాయి. చీలితే ఫోమ్‌కి పనికొచ్చే సీఏ (సూపర్ గ్లూ రకం) జిగురు, పెద్దగా విరిగితే ఎపాక్సీ జిగురు. మామూలు సీఏని థర్మోకోల్ లాంటి ఈపీఎస్ ఫోమ్ మీద వేస్తే అది కరిగిపోతుంది. నా మొదటి ముక్కు అలా పోలేదు లెండి, విద్యుత్ స్తంభానికి గుద్దితే పోయింది. రెండోది చెట్టుకి. మూడోది ఎక్కడ పోయిందో చెప్పడం నాకే నామోషీ: అది దిగాక, చూసుకోకుండా నేనే తొక్కాను.

మొదటి నెలలో పడ్డవన్నీ దాదాపు ఒకే కారణానికి పడ్డాయి. విమానం మనకి దూరంగా వెళ్తున్నప్పుడు కుడి అంటే కుడే. మనవైపు తిరిగి వస్తున్నప్పుడు తారుమారు. బుర్రకి తెలిసినా వేలికి తెలియదు. నాకు పనికొచ్చిన కిటుకు ఇది: ఎదురుగా వస్తున్నప్పుడు ఏ వైపు రెక్క కిందికి వాలిందో స్టిక్‌ని ఆ వైపుకే నెట్టాలి, వాలిన పందిరి కింద గుంజ పెట్టి లేపినట్టు. ఇది చేతికి పట్టడానికి నాకు సిమ్యులేటర్ (కంప్యూటర్‌లో ఎగరేసే ప్రోగ్రామ్) మీద రెండు వారాలు పట్టింది. పికాసిమ్ ఉచితమే, రియల్‌ఫ్లైట్ డబ్బు పెట్టి కొనాలి. మొదట్లో ఉచితమైనది చాలు. రిమోట్‌ని కంప్యూటర్‌కి కలిపే కేబుల్ మాత్రం తప్పకుండా కొనండి. గేమ్ ప్యాడ్ మీద నేర్చుకున్నది మైదానంలో సగమే పనికొస్తుంది.

ఇంకో కారణం ఎలివేటర్. ఎత్తు తగ్గుతోందని కంగారుపడి స్టిక్ లాగేస్తాం. వేగం లేనప్పుడు లాగితే ముక్కు లేస్తుంది, రెక్క మీది గాలి పట్టు తప్పుతుంది, విమానం ఒక్కసారిగా కూలబడుతుంది. అదే స్టాల్. అప్పుడు స్టిక్ ముందుకి నెట్టి వేగం అందుకోవాలి. నేల దగ్గరైనప్పుడు ఆ పని చేయడానికి మనసు ఒప్పదు. అందుకే కనీసం మూడు చెట్ల ఎత్తున ఎగరేయండి. ఎత్తు ఉంటే తప్పు చేసి దిద్దుకునే వీలుంటుంది.

నా విమానానికి లోపాలు లేవని కాదు. మోటార్ పైన ఉండడం వల్ల థ్రాటిల్ ఒక్కసారిగా ఇస్తే ముక్కు కిందికి దిగుతుంది. కొత్తవాళ్లకి ఇది చిరాకే, ఎందుకంటే పైకి పోవాలనుకున్నప్పుడే కదా థ్రాటిల్ ఇస్తాం. అలవాటయ్యాక ఎలివేటర్ కాస్త లాగడం చేతికి దానంతటదే వచ్చేస్తుంది. విసిరేటప్పుడు ప్రొపెల్లర్ చేతి వెనకే తిరుగుతుంటుంది, కాబట్టి రెక్క కింద పట్టుకుని, గాలికి ఎదురుగా, పైకి కాకుండా తిన్నగా విసరాలి. గాలి గంటకి 15 కిలోమీటర్లు దాటితే ఇంట్లోనే ఉండిపోతాను. తేలిక విమానం, గాలి ఎటు తోస్తే అటు పోతుంది.

ఆరేళ్లలో మార్చినవి: మూడు ముక్కులు, రెండు సర్వోలు (రడ్డర్, ఎలివేటర్‌లని కదిపే బుల్లి మోటార్లు), రడ్డర్ అతుకు దగ్గర టేపు లెక్కలేనన్నిసార్లు, బ్యాటరీలు ఐదు. బ్యాటరీల్లో రెండింటిని నేనే పాడుచేశాను. ఇవి లైపో (లిథియం పాలిమర్) రకం, ఒక్కో సెల్ నిండితే 4.2 వోల్టులు. ఎగరేశాక సెల్‌కి 3.5 కంటే కిందికి పోనివ్వకూడదు. వారం పైగా వాడకపోతే 3.8 దగ్గర ఉంచాలి. నేను నిండుగా ఛార్జ్ చేసి నెల రోజులు మూలన పడేశాను, ఉబ్బిపోయాయి. ఉబ్బినది మళ్లీ ఛార్జ్ పెట్టకండి. నా 2200 ఎంఏహెచ్ బ్యాటరీకి 2.2 ఆంపియర్లకి మించి ఇవ్వను, ఛార్జ్ అవుతున్నంతసేపూ గది వదలను.

అస్సలు మార్చనిది రిమోట్. ఇది ముఖ్యం. అన్నీ కలిపి ఒకే పెట్టెలో వచ్చే ఆర్‌టీఎఫ్ సెట్లలో చౌకవాటి రిమోట్ ఆ ఒక్క బొమ్మకే పనికొస్తుంది. నేను 2.4 గిగాహెర్ట్జ్, ఆరు ఛానెళ్ల రిమోట్ విడిగా తీసుకున్నాను. దాంతోనే ఇప్పుడు మూడు మోడళ్లు నడుస్తున్నాయి. మోడ్ 2 అంటే థ్రాటిల్ ఎడమచేతికి, మోడ్ 1 అంటే కుడిచేతికి. మీకు నేర్పబోయే మనిషి ఏది వాడితే అదే తీసుకోండి, గాల్లో ఉండగా రిమోట్ ఆయన చేతికి ఇవ్వాల్సి వస్తుంది.

నేర్పేవాళ్లు ఎవరూ లేకపోతే నా మాట వేరేగా ఉంటుంది. అప్పుడు తనంతట తనే సమంగా నిలబెట్టుకునే ఎలక్ట్రానిక్స్ ఉన్నది తీసుకోండి. హాబీజోన్ ఏరోస్కౌట్ అలాంటిది: 1.1 మీటర్ల రెక్క, మోటార్ దానికీ వెనకే, కొత్తవాళ్లకి వాలే కోణాన్ని పరిమితం చేసే మోడ్ కూడా ఉంది. మిత్రుడిది పదిసార్లకి పైగా ఎగరేశాను. గాలిలో నా దానికంటే కుదురుగా ఉంది. నెల తిరిగాక మాత్రం ఆ సహాయం కొద్దికొద్దిగా తగ్గించుకోండి.

యుద్ధవిమానాల నమూనాల మీద మనసు పోతుంది, తెలుసు. స్పిట్‌ఫైర్, మస్టాంగ్ చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉంటాయో! రెక్క కింద ఉంటుంది, తనంతట తను సర్దుకోదు, వేగం తగ్గితే ముందుగా రెక్క కొస గాలి పట్టు తప్పుతుంది. మూడో విమానంగా కొనండి.

బరువు విషయంలో ఒక మాట. చాలా దేశాల్లో 250 గ్రాములు దాటితే రిజిస్ట్రేషన్ లాంటి నియమాలున్నాయి. నాది బ్యాటరీతో 800 గ్రాములు. కొనకముందే మీ దగ్గరి నియమాలు చూసుకోండి. విమానాశ్రయాల దరిదాపుల్లో, జనం నెత్తి మీద ఎగరేయకండి.

బీరువా మీది హెలికాప్టర్‌ని నాలుగో ఏడు కిందికి దించాను. ముందు సిమ్యులేటర్ మీద మూడు నెలలు తోక నావైపు పెట్టి, పక్కకి పెట్టి, చివరికి ముక్కు నావైపు పెట్టి నిలబెట్టడం నేర్చుకున్నాకే బ్యాటరీ తగిలించాను. ఇప్పుడు ఐదు నిమిషాలు నిలబడుతోంది. విమానం మీద ఉన్నంత హాయి నాకు దాని మీద ఇంకా రాలేదు.

విమానం మాత్రం ఈ ఆదివారం కూడా ఎగిరింది. నాలుగో ముక్కు అతికించేటప్పుడు కొద్దిగా ఎడమకి వంకర పోయింది. రడ్డర్ ట్రిమ్ (స్టిక్ వదిలేసినా రడ్డర్ నిలిచే చోటుని సర్దే మీట) రెండు గీతలు కుడికి కొట్టి నడిపిస్తున్నాను.