దాండియా నైట్ పాసులు కొంటున్నారా? మైక్ పర్మిషన్ ఎన్ని గంటల దాకానో ముందు అడగండి

అందరికీ నమస్కారం. మొన్న నవరాత్రుల్లో ఇంటిల్లిపాదీ హైదరాబాద్ శివార్లలో జరిగిన ఒక దాండియా నైట్‌కి వెళ్లి ఏడుపొక్కటే తక్కువగా తిరిగొచ్చాం. వచ్చే ఏడాది మీరు పాసులు కొనే ముందు ఇది చదవండి.

పోస్టర్‌లో రాసింది ఇది: సాయంత్రం 7 నుంచి రాత్రి 12 దాకా, లైవ్ బ్యాండ్, ఫ్యామిలీ జోన్, పెద్దవాళ్లకు కుర్చీలు, ఐదేళ్ల లోపు పిల్లలకు ఉచితం. ఒక్కో పాసు 599. నాకు, మావారికి, అత్తయ్యకి, తొమ్మిదేళ్ల మా పెద్దమ్మాయికి కలిపి నాలుగు కొన్నాను. అత్తయ్య చిన్నప్పుడు ఊళ్లో కోలాటం బృందంలో ఆడేవారు. లైవ్ డోలు, పాటలు అనగానే బీరువాలోంచి ఆ పాత కర్రలు తీసి, కొబ్బరినూనె రాసి, తుడిచి పెట్టుకున్నారు. అసలు ఆవిడ కోసమే వెళ్లాం.

గేటు దగ్గరే మొదలైంది. నాలుగేళ్ల మా చిన్నదానికి పాసు లేదని ఆపేశారు. పోస్టర్ చూపిస్తే, "అదంతా ఆన్‌లైన్ వాళ్లది మేడమ్, చేతికి బ్యాండ్ లేకపోతే లోపలికి పంపం" అన్నారు. వెనక జనం తోస్తున్నారు, పిల్ల ఏడుస్తోంది. 700 కట్టి బ్యాండ్ వేయించాం. ఆ డబ్బు ఏ సంస్థ పేరు మీదకీ పోలేదు, ఎవరిదో సొంత ఫోన్ నంబరుకి పోయింది. రసీదు లేదు. అక్కడే వెనక్కి వచ్చేయాల్సింది.

మంచినీళ్ల బాటిల్ కూడా గేటు దగ్గరే తీయించేశారు. లోపల స్టాల్లో 20 రూపాయల బాటిల్ 50. ఎంఆర్‌పీ కంటే ఒక్క రూపాయి కూడా ఎక్కువ తీసుకోవడానికి వీల్లేదు, అది చట్టం. అడిగితే "కూలింగ్ ఛార్జ్" అన్నారు.

ఫ్యామిలీ జోన్ అంటే తాడు కట్టిన ఒక మూల. ముందురోజు వానకి నేలంతా బురద, దానిమీద ఒక ఆకుపచ్చ పట్టా పరిచారు. అడుగు వేస్తే పట్టా కింద నుంచి నీళ్లు చిమ్ముతున్నాయి. పెద్దమ్మాయి లంగా అంచు అరగంటకే మోకాలి దాకా తడిసి బరువెక్కింది. కుర్చీలు పది కూడా లేవు, అవి అప్పటికే నిండిపోయాయి. మోకాళ్ల నొప్పులున్న అత్తయ్య, సౌండ్ బాక్సులకు ఇరవై అడుగుల దూరంలో, బోర్లించిన కూల్‌డ్రింక్ ట్రే మీద కూర్చున్నారు. కర్రలు ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులతో చెవులు మూసుకుని. ఆ దృశ్యం నాకు ఇప్పటికీ కళ్లముందు నుంచి పోవడం లేదు.

ఇక అసలు సంగతి. తొమ్మిదింబావు దాకా డీజేనే. బ్యాండ్ వాళ్లు ఎక్కి, మైకులు సరిచూసుకుని, పాట అందుకునేసరికి తొమ్మిదిన్నర దాటింది. సరిగ్గా పదింటికి పోలీసులొచ్చారు, సౌండ్ కట్. అర్ధరాత్రి దాకా అని అమ్మిన కార్యక్రమానికి పది దాకానే పర్మిషన్ ఉందట! పోలీసులను తప్పుపట్టడానికి లేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఆరుబయట రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు. పండగలకు, సాంస్కృతిక కార్యక్రమాలకు రాష్ట్ర ప్రభుత్వం 12 దాకా సడలింపు ఇవ్వొచ్చు, అదీ ఏడాది మొత్తంలో 15 రోజులకు మించకుండా. ఈ సంగతి ఆర్గనైజర్లకు తెలియకపోదు. తెలిసే 12 అని వేసి అమ్మారు. నా కోపమంతా దానిమీదే.

కాబట్టి దయచేసి, డబ్బు కట్టకముందే ఫోన్ చేసి రెండు విషయాలు అడగండి: మైక్ పర్మిషన్ ఎన్నింటి దాకా, బ్యాండ్ స్టేజీ ఎక్కేది ఎన్నింటికి. నోటిమాట కాదు, వాట్సాప్‌లో రాసి పంపమనండి. నసిగితే వదిలేయండి. పోస్టర్ స్క్రీన్‌షాట్ తప్పకుండా తీసి పెట్టుకోండి. మేం తిరిగొచ్చిన మర్నాటికే ఆన్‌లైన్ పోస్టర్‌లో 12 తీసేసి 10 అని మార్చారు. నా దగ్గర పాతది ఉంది కాబట్టి సరిపోయింది. పెద్దవాళ్లతో, చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు వీలైతే పగలు ఒకసారి ఆ స్థలం చూసి రండి.

డబ్బు వెనక్కి అడిగితే "పాసులు నాన్ రిఫండబుల్" అని ఒక్క ముక్కలో జవాబొచ్చింది. ఆ మాట చూసి ఊరుకోకండి. చెప్పిన సేవ ఇవ్వకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అడిగే హక్కు మనకుంది. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను, తెలుగులోనే మాట్లాడారు, ఫిర్యాదు నంబరు ఇచ్చారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. మనం కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు, లాయరు కూడా తప్పనిసరి కాదు.

ఆ రోజు అదే గ్రౌండ్‌కి వచ్చి పదింటికే తిరిగెళ్లినవాళ్లు మీలో ఉంటే, పాసు, గేటు దగ్గర కట్టిన డబ్బు వివరాలు జాగ్రత్తగా దాచుకుని మీరు కూడా 1915లో ఫిర్యాదు నమోదు చేయండి.