రెండు కెమెరాల డాష్‌క్యామ్: నన్ను కాపాడింది వెనకది

కారు అద్దానికి పెట్టి రోడ్డుని రికార్డు చేసే డాష్‌క్యామ్ కొనేటప్పుడు అందరూ ముందు కెమెరా వీడియో స్పష్టత టూకేనా, ఫోర్‌కేనా అని చూస్తారు. వెనక కెమెరా ఎందుకులే, దండగ అనుకుంటారు. నా వ్యాగనార్‌కి రెండూ ఉన్న సెట్ పెట్టించాను, మెమరీ కార్డుతో కలిపి తొమ్మిది వేల లోపే పడింది. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఈ ధరలో దొరికేవాటిలో చాలావాటి సంగతి ఇంచుమించు ఇంతే.

హైదరాబాద్‌లో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద సాయంత్రం ఆరాంఘర్ వైపు వెళ్తుంటే ముందు ట్రాఫిక్ ఆగిపోయింది. ఒక సెడాన్, దాని వెనక ఎస్‌యూవీ, తర్వాత నేను. నేనూ ఆగాను. నా వెనక క్యాబ్ ఆగలేదు. నా కారు వెళ్ళి ఎస్‌యూవీకి తగిలింది, అది సెడాన్‌కి తగిలింది. ఎస్‌యూవీ ఆయన దిగుతూనే నా దగ్గరికొచ్చి, "ఏందమ్మా, ముందు చూసుకోవద్దా?" అన్నాడు. క్యాబ్ డ్రైవర్ కూడా వెంటనే అందుకుని, "మేడం ముందే గుద్దేసింది సార్, నేను తర్వాత తగిలిన" అన్నాడు.

తగువంతా ఇక్కడే. వరసగా గుద్దుకున్నప్పుడు ఎవరు ఎవరికి తగిలారన్నది చూడగానే తెలుస్తుంది, ఏ దెబ్బ ముందు పడిందన్నది తెలియదు. నేను ముందే ఎస్‌యూవీని గుద్ది ఉంటే ఆ డ్యామేజీ నాది. వెనక నుంచి నెడితే తగిలి ఉంటే క్యాబ్‌ది. బంపర్ సొట్ట చూసి ఇది తేల్చడం కష్టం.

ముందు కెమెరా వీడియో ఒక్కటే ఉంటే నా పని అయిపోయేది. అందులో నా కారు ఆగుతుంది, ఎస్‌యూవీ నంబర్ ప్లేటు కింద రోడ్డు కూడా కనిపిస్తుంది, అంతలో ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. చూసినవాళ్ళు బ్రేకు వదిలేసి యాక్సిలరేటర్ తొక్కిందనే అంటారు. వెనక వీడియోలో మాత్రం క్యాబ్ హెడ్‌లైట్లు పెద్దవవుతూ వచ్చి తెర అంతా తెల్లబడింది, ఆ తర్వాతే కుదుపు. మైకు ఆన్‌లో ఉంది కాబట్టి మొదటి చప్పుడు, ఒక క్షణం ఆగి రెండో చప్పుడు విడివిడిగా వినిపించాయి. "వెనక నుంచి మీకెన్ని కుదుపులు తెలిశాయండీ?" అని ఎస్‌యూవీ ఆయన్ని అడిగితే ఒక్కటే అన్నాడు. నేను ముందే గుద్ది ఉంటే ఆయనకి రెండు తెలియాలి. ఆ తర్వాత ఆయన క్యాబ్ వైపు తిరిగాడు.

అలాగని వెనకవాడిదే తప్పు అని కళ్ళు మూసుకుని చెప్పడానికీ లేదు. ముందు వాహనం హఠాత్తుగా ఆగినా తగలనంత దూరం ఉంచాలని 2017 డ్రైవింగ్ నిబంధనల్లో ఉంది. కానీ 2017లోనే కోయంబత్తూరులో ఒక కారు హైవే మీద ఉన్నట్టుండి ఆగితే, వెనక బైకు మీదొస్తున్న ఇంజినీరింగ్ విద్యార్థి దాన్ని తగిలి పడ్డాడు, వెనకొచ్చిన బస్సు అతని కాలు మీద నుంచి పోయింది. 2025లో సుప్రీంకోర్టు ఆ తప్పుని కారుకి 50 శాతం, బస్సుకి 30, ఆ అబ్బాయికి 20గా పంచింది. ముందు కెమెరా పనికొచ్చేది ఇలాంటి చోట.

ఇన్సూరెన్స్‌లో దీనివల్ల డబ్బు మిగులుతుందనుకుంటే మాత్రం ఆశ వదులుకోండి. కాంప్రిహెన్సివ్ పాలసీలో సొంత డ్యామేజీకి తప్పు ఎవరిదైనా ఇస్తారు, క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. నాదీ పోయింది. ఎదుటివాళ్ళ నష్టానికి ఉండే క్యాబ్ థర్డ్ పార్టీ పాలసీ మీద రాబట్టాలంటే వాహన ప్రమాదాల పరిహారం తేల్చే ట్రైబ్యునల్‌కి వెళ్ళాలి. రెండు బంపర్ల కోసం అంత తిరుగుడు ఎవరు తిరుగుతారు? రోడ్డు మీద నలుగురూ మీద పడినప్పుడు జేబులోంచి డబ్బు తీయకుండా నిలబడగలిగాను, అంతవరకే లాభం.

ఇక లోపాలు. గడియారం పెద్ద తలనొప్పి. బ్యాటరీ వైరు తీసి పెట్టినప్పుడల్లా చైనా టైముకి వెళ్ళిపోతుంది, అంటే మనకన్నా రెండున్నర గంటలు ముందుకి. సాయంత్రం ఆరున్నరకి జరిగిన ప్రమాదం వీడియోలో రాత్రి తొమ్మిది అని పడింది, డ్యామేజీ చూడటానికొచ్చిన ఇన్సూరెన్స్ సర్వేయర్ అదే పట్టుకున్నాడు. రాత్రిపూట ఎదుటి లైట్ల వెలుగుకి నంబర్ ప్లేటు తెల్లటి ముద్దలా కనిపిస్తుంది. వైఫై మీద ఫోన్‌లోకి వీడియో దింపుకునేలోపు టీ తాగి రావచ్చు. అందుకే ఏదైనా జరిగితే ముందు కార్డు తీసి దాచండి, లేకపోతే పాత వీడియోల మీద కొత్తవి ఎక్కేస్తాయి. కోర్టుదాకా వెళ్తే ఆ అసలు ఫైలే కావాలి, భారతీయ సాక్ష్య అధినియమం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కూడా జత చేయాలి. వాట్సాప్‌లో పంపుకున్న కాపీ చాలదు.

మార్కులు అయిదుకి మూడున్నర. ఫిట్టింగ్ చేయించేటప్పుడు వెనక వైరుని డిక్కీ రబ్బరు గొట్టంలోంచే లాగమనండి. బయట నుంచి తెస్తే డోర్ వేసినప్పుడల్లా నలిగి నాలుగు నెలలకే తెగుతుంది.