టేప్ ఇన్ ఎక్స్‌టెన్షన్ కిట్ కొనేముందు తీసే మందు ఉందో లేదో చూడండి

ఇంట్లోనే పెట్టుకోవచ్చని టేప్ ఇన్ హెయిర్ ఎక్స్‌టెన్షన్ల కిట్, అంటే మన జుట్టుకి టేపుతో అంటించుకునే విడి జుట్టు పాయలు, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. డబ్బు పోతే పోయింది, కుడి చెవి వెనక జుట్టు కూడా పోయింది. ఇంకెవరికీ ఇలా జరగకూడదనే రాస్తున్నాను.

సవరమైతే జడలో కలిపి అల్లుకుంటాం, రాత్రికి తీసి పక్కన పెడతాం. ఇది అలా కాదు. మన జుట్టులో పల్చటి పాయ తీసి, కింద ఒక టేప్ ముక్క, పైన ఇంకొకటి పెట్టి నొక్కేయాలి. అది 6 నుంచి 8 వారాలు తల మీదే ఉంటుంది. తప్పుగా పెడితే ఆ తప్పూ అన్నాళ్లు ఉంటుంది.

చెవుల పక్కన బాగానే వచ్చింది. తల వెనక మాత్రం అద్దంలో చూస్తూ పాయ తీయడం నా వల్ల కాలేదు. పాయ మందంగా ఉంటే రెండు టేపులూ ఒకదానికొకటి అంటుకోక జారిపోతాయి. మరీ పల్చగా ఉంటే బరువంతా నాలుగు వెంట్రుకల మీదే పడుతుంది. నాకు రెండూ జరిగాయి. పైగా మాడుకు కనీసం అర సెంటీమీటరు ఎడం ఉంచాల్సింది, ఆనించి పెట్టేశాను. ఆ రాత్రి దిండు మీద తల పెడితే టేప్ ఉన్న ప్రతి చోటా సూదితో గుచ్చినట్టు ఉంది. అలవాటవుతుందిలే అని ఊరుకున్నాను. దయచేసి మీరు ఊరుకోకండి. జుట్టు అలా లాగుతూనే ఉంటే కుదుళ్లు దెబ్బతింటాయి, ముదిరితే అక్కడ మళ్లీ మొలవదు కూడా.

నూటికి నూరు శాతం అసలు జుట్టు అని రాశారు. మూడో తలస్నానానికే చిక్కుపడి ఉండకట్టింది. అనుమానం వచ్చి ఒక పోగు చివర కాల్చి చూశాను. కరిగి గట్టి పూసలా అయింది. అసలు వెంట్రుకైతే కమురు వాసన వచ్చి, నలిపితే పొడి అయిపోతుంది. ఈ పరీక్ష పెట్టుకోకముందే చేయాల్సింది. విప్పిన ప్యాకెట్ వెనక్కి తీసుకునేది లేదని అమ్మినవాళ్లు తేల్చి చెప్పేశారు.

అసలు దెబ్బ తీసేటప్పుడు తగిలింది. కిట్‌లో జిగురు కరిగించే రిమూవర్ లేదు. టెన్షన్‌లో ఒక ముక్క పట్టి లాగేశాను. చేతిలోకి వచ్చిన టేప్‌కి నా వెంట్రుకలు దువ్వెన పళ్లలా వరసగా అంటుకుని ఉన్నాయి. రోజూ సహజంగా రాలేవి కూడా టేపులోనే చిక్కుకుంటాయి కాబట్టి కొన్ని రావడం మామూలే. కానీ నాకు వేలితో తడిమితే నున్నగా తగిలే చోటు మిగిలింది.

ఇప్పటికే పెట్టుకుని నొప్పి పడుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే, లాగకండి. టేప్ రిమూవర్ చుక్కలుగా టేపుల మధ్యకు దిగేలా వేసి, కొన్ని నిమిషాలు ఆగి, మెల్లగా జార్చండి. రాకపోతే మళ్లీ వేయండి. చేతకాకపోతే సెలూన్‌కి వెళ్లి తీయించుకోండి.