జియోప్యాకేజ్: పంపడానికి భేషుగ్గా ఉంది, దాచడానికి కొంత జాగ్రత్త కావాలి

భౌగోళిక డేటాను ఒకరి నుంచి మరొకరికి అందించవలసి వచ్చినప్పుడు ఇప్పటికీ చాలామంది అలవాటుగా షేప్‌ఫైల్ అనే ఫైలు రూపాన్నే ఎంచుకుంటారు. పటాల సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఎస్రి సంస్థ దాని సాంకేతిక వివరణను 1998లో బహిరంగంగా ప్రచురించడం వల్ల దాన్ని చదవలేని జీఐఎస్ (భౌగోళిక సమాచార వ్యవస్థ) సాఫ్ట్‌వేర్ దాదాపుగా లేదు. అంతటి వాడుకను కాదని, భౌగోళిక డేటాకు ప్రమాణాలు రూపొందించే ఓజీసీ సంస్థ ప్రమాణంగా 2014లో వెలువడిన జియోప్యాకేజ్ అనే ఫైలు రూపానికి మారడం అవసరమా అన్నదే ఈ సమీక్షలోని ప్రశ్న. హద్దులు, రోడ్లు, బావులు వంటి, బిందువులు, గీతలు, బహుభుజులుగా ఉండే వెక్టర్ డేటాకైతే అవసరమేనని నా అభిప్రాయం.

షేప్‌ఫైల్‌లో కనీసం మూడు ఫైళ్లు కలిసి ప్రయాణించాలి. ప్రొజెక్షన్ (గుండ్రని భూమిని చదునైన పటంపైకి తెచ్చే లెక్క) వివరం ఉండే నాలుగోది జారిపోతే, గీతలన్నీ తెరపై కనిపిస్తాయి గాని అవి భూమి మీద ఎక్కడివో తేలదు. జియోప్యాకేజ్‌లో ఎన్ని లేయర్లు (డేటా పొరలు) ఉన్నా, వాటి ప్రొజెక్షన్లతో సహా అన్నీ ఒకే ఫైలులో ఉంటాయి. అయితే తెలుగులో డేటా నింపేవారికి అసలు తేడా అట్రిబ్యూట్ టేబుల్‌లో, అంటే పటంలోని ఒక్కో అంశం వివరాలు ఉండే పట్టికలో తెలుస్తుంది. షేప్‌ఫైల్ కాలమ్ పేరుకు పది బైట్లు, అక్షర సమాచారానికి 254 బైట్లు మాత్రమే కేటాయిస్తుంది. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో తెలుగు వర్ణానికీ, గుణింతపు గుర్తుకూ విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి కనుక, ‘జనాభా’ అన్న చిన్న మాట కూడా కాలమ్ పేరుగా ఇమడదు. పైగా ఎన్‌కోడింగ్ ఏదో చెప్పే చిన్న ఫైలు తోడు రాకపోతే ఊళ్ల పేర్లన్నీ పిచ్చి గుర్తులుగా మారిపోతాయి. జియోప్యాకేజ్‌లో ఈ బాధలేవీ లేవు. తేదీతో పాటు సమయాన్ని కూడా అది నిలుపుకుంటుంది, ఖాళీ విలువను సున్నాతో కలిపేయదు.

భద్రపరచడం విషయంలో దీని బలమంతా పునాదిలో ఉంది. ఇది నిజానికి ఒక ఎస్‌క్యూలైట్ డేటాబేస్, అంటే ఒకే ఫైలులో ఇమిడే పట్టికల సమూహం. రేపు జీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఏదీ అందుబాటులో లేకపోయినా, మామూలు ఎస్‌క్యూలైట్ సాధనంతో పట్టికలను చదవవచ్చు; ఆకృతుల నిర్మాణం కూడా ప్రమాణంలో వివరంగా ఉంది. ఎస్‌క్యూలైట్ రూపకర్తలు 2050 వరకు దానికి మద్దతు కొనసాగించాలన్న సంకల్పాన్ని ప్రకటించారు.

లోపాలు కూడా ఆ పునాది నుంచే వచ్చాయి. క్యూజీఐఎస్ అనే ఉచిత జీఐఎస్ సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి ఉండగా పక్కన రెండు తాత్కాలిక ఫైళ్లు పుడతాయి. అప్పుడు ప్రధాన ఫైలును మాత్రమే కాపీ చేస్తే తాజా మార్పులు అందులో లేకపోవచ్చు. నెట్‌వర్క్ డ్రైవ్‌లో ఉంచి పలువురు ఒకేసారి మార్పులు చేసే పనికి ఇది తగదు. అంతకంటే తక్కువ మందికి తెలిసిన సంగతి మరొకటుంది: తొలగించిన రికార్డుల జాడలు ఫైలు లోపల మిగిలిపోయే అవకాశం ఉంది. భూయజమానుల వివరాల వంటి సమాచారాన్ని తీసేసి ఫైలును బయటికి పంపేవారు, ముందుగా ఫైలును తిరగరాసి ఆ జాడలను తుడిచే వ్యాక్యూమ్ ఆదేశం నడపాలి. లేదా అవసరమైన లేయర్లను మాత్రమే కొత్త ఫైలులోకి ఎగుమతి చేయాలి. నేనైతే రెండో పద్ధతినే నమ్ముతాను.

వెబ్ పటాలకు జియోజేసన్ అనే టెక్స్ట్ ఫైలు రూపం తేలిక. అయితే 2016 నాటి ప్రమాణం ప్రకారం అందులో డబ్ల్యూజీఎస్ 84 (జీపీఎస్ వాడే అక్షాంశ, రేఖాంశ పద్ధతి) నిర్దేశాంకాలే ఉండాలి కనుక, స్థానిక ప్రొజెక్షన్‌లో చేసిన సర్వేకు అది మూలప్రతి కాజాలదు. ఉపగ్రహ చిత్రాలకు, ఎత్తుల గ్రిడ్‌లకు జియోటిఫ్ అనే చిత్రాల ఫైలు రూపాన్ని వదలవలసిన పని లేదు.

క్యూజీఐఎస్ రంగులను, గుర్తులను జియోప్యాకేజ్‌లోనే దాచగలదు గాని, అది ఆ సాఫ్ట్‌వేర్ సొంత ఏర్పాటే తప్ప ప్రమాణంలో భాగం కాదు. అందుకే ఆర్కైవ్‌కు ఇచ్చేటప్పుడు ఆ గుర్తుల అర్థాన్ని, డేటా సేకరించిన తేదీని, పద్ధతిని వివరించే సాదా టెక్స్ట్ ఫైలును కూడా జతపరచాలి.