ప్రాచెట్ నవలల్లో ముందు ఏది పట్టుకోవాలి?

ఇంగ్లిష్ హాస్య రచయిత టెర్రీ ప్రాచెట్ డిస్క్‌వరల్డ్ అనే ఊహాలోకపు కథల వరుసలో 41 నవలలు రాశారు. మొదటిది 1983లో వచ్చింది, చివరిది ఆయన పోయాక 2015లో. విజయవాడలో వీటికోసం వెతికేవాళ్లు వరుస చూసుకుని కొనడం కుదరదు. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లోనో, జనవరిలో పెట్టే పుస్తక మహోత్సవంలోనో ఏది కనబడితే అది తెచ్చుకుంటాం. తీరా తెచ్చాక, మధ్యలోంచి చదివితే అర్థమవుతుందా అని అనుమానం. అవుతుంది. నన్నడిగితే అసలు మొదటిదాంతో మొదలుపెట్టకపోవడమే మేలు.

ఆయన లోకం బల్లపరుపుగా ఉంటుంది. దాన్ని నాలుగు ఏనుగులు మోస్తుంటాయి, వాటి కింద తాబేలు. దిగ్గజాలు, ఆదికూర్మం కథలు వింటూ పెరిగిన మనకు ఇందులో వింతేముంది!

మొదటి నవల 'ది కలర్ ఆఫ్ మ్యాజిక్'లో చేతకాని మంత్రగాడొకడు, ఊళ్లు చూడ్డానికొచ్చిన టూరిస్టు ఒకడు, బోలెడు కాళ్లతో వెంటపడి నడిచే పెట్టె ఒకటి. పెట్టె బ్రహ్మాండం. మిగతాదంతా చాలావరకు పాత ఖడ్గవీరుల, డ్రాగన్ రౌతుల కథలకు పేరడీ. అవి చదవనివాళ్లకు ఎవర్ని వెక్కిరిస్తున్నాడో తెలీదు. పైగా కథ లోకం అంచు దగ్గర ఆగిపోతుంది, మిగతాది ఇంకో పుస్తకంలో.

'మోర్ట్' (1987) మనవాళ్లకు సులువు. మృత్యువు ఒక పల్లెటూరి కుర్రాణ్ణి పనిలో పెట్టుకుంటాడు. సినిమాల్లో గదతో గర్జించే యముణ్ణి చూసి నవ్విన మనకు ఈయన వేరే రకం: తెల్ల గుర్రం ఎక్కుతాడు, దాని పేరు బింకీ. పిల్లులంటే ప్రాణం, కూర అంటే ఇష్టం. కుర్రాడు చావాల్సిన రాజకుమారిని కాపాడేసి చిక్కుల్లో పడితే, ఈయన సంతోషం వెతుక్కుంటూ హోటల్లో వంటపనికి చేరతాడు. చివర్లో మాత్రం రచయితకు తొందరెక్కువైంది.

'గార్డ్స్! గార్డ్స్!' (1989)కి నా ఓటు. ఆంఖ్-మోర్‌పోర్క్ నగరంలో దొంగతనానికి లైసెన్సు ఉంటుంది, దొంగలకో సంఘం ఉంటుంది. ఇక పోలీసులకు పనేముంది? రాత్రి కాపలా దళం కెప్టెన్ వైమ్స్ తాగి మురుగు కాలవ పక్కన పడుంటాడు. ఇంతలో ఓ రహస్య ముఠా డ్రాగన్‌ను పిలుస్తుంది. అది వచ్చి పిలిచినవాళ్లనే కాల్చేసి సింహాసనమెక్కుతుంది, జనం రెండ్రోజుల్లో సర్దుకుపోతారు. అక్కడే నవ్వు కాస్త గొంతులో ఇరుక్కుంటుంది. పది లక్షల్లో ఒక్క ఛాన్సే ఉంటే అది తప్పక గెలుస్తుందని నమ్మిన కాపలావాళ్లు, తమ ఛాన్సు సరిగ్గా పది లక్షల్లో ఒకటి అయ్యేదాకా కష్టాలు కావాలని పెంచుకుంటారు. బాణం వేసేవాడు ముఖానికి మసి పూసుకుని ఒంటికాలి మీద నిలబడడం కూడా అందులో భాగమే. ఆ ఘట్టం బస్సులో చదవకండి, పక్కవాళ్లు చూస్తారు.

'స్మాల్ గాడ్స్' (1992) మిగతా కథలతో సంబంధం లేకుండా నిలబడుతుంది. ఓమ్ అనే పెద్ద దేవుడు భూమ్మీదికి దిగేసరికి చిన్న తాబేలైపోతాడు. గుళ్లూ పూజారులూ లెక్కలేనంత మంది ఉన్నా, నిజంగా నమ్మేవాడు బ్రూథా అనే కుర్రాడొక్కడే. ఆ మతం లోకం బంతిలా గుండ్రంగా ఉందంటుంది, కాదన్నవాళ్లను హింసిస్తుంది. ఆయన రాసినవాటిలో గొప్పది బహుశా ఇదే, కానీ హాస్యంకోసం వచ్చినవాళ్లకు ముందుగా ఇవ్వలేను. హింస గదుల బరువు ఎక్కువ.

భాష సంగతి. ఫుట్‌నోట్లు వదిలేయకండి, సగం నవ్వు అక్కడే. చాలా నవలల్లో అధ్యాయాలు ఉండవు కాబట్టి ఎక్కడ ఆపాలో తెలీక టెన్షన్. ఇంగ్లిష్ నవలలు అంతగా అలవాటు లేనివాళ్లు 'మోర్ట్' పట్టుకోండి, మిగతావాళ్లు 'గార్డ్స్'. అది నచ్చితే తర్వాత 'మెన్ ఎట్ ఆర్మ్స్' (1993). వైమ్స్ పుస్తకాలు మాత్రం వరుసలోనే చదవాలి, ఎందుకంటే ఆ తాగుబోతు పుస్తకం పుస్తకానికీ మారుతుంటాడు.